ఒక రాణికి మేనమామ, ఇంకో రాణికి పెదనాన్న: మూడో నార్ఫోక్ డ్యూక్ తల ఎలా దక్కింది?

ఎనిమిదో హెన్రీ కథతో వచ్చిన సీరియల్ చూసి మీరు రెండు సంగతులు అడిగారు. ఆన్ బొలీన్, కేథరీన్ హోవర్డ్ ఇద్దరికీ రాజు తలలు తీయించాడు కదా, మరి వాళ్ళ వెనక ఉండి కథ నడిపించినట్టు చూపించిన నార్ఫోక్ డ్యూక్ ఎలా బతికిపోయాడు? ఆయన భార్యాపిల్లలు ఏమయ్యారు, ఆ వంశం ఇప్పటికీ ఉందా?

డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్ళు ఇంగ్లండ్ చరిత్ర చెప్పినవాణ్ణి. హెన్రీ ఆరుగురు రాణుల పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి ఇదే అడిగేవాళ్ళు. సూటిగా చెప్పాలంటే, రాజుకూ సొంతవాళ్ళకూ మధ్య ఎప్పుడు పేచీ వచ్చినా ఆయన క్షణం ఆలోచించకుండా రాజు పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. మొత్తం మీద అదీ కిటుకు. కాకపోతే ఆఖరిసారి ఆ కిటుకు కూడా పారలేదు. అప్పుడు బతికించింది ఒక్క రాత్రి తేడా.

ఆయన పేరు థామస్ హోవర్డ్, పుట్టింది 1473లో. తాత, తండ్రి సంగతి తెలియకపోతే ఈయన అర్థం కాడు. తాత జాన్ హోవర్డ్‌ను 1483లో మూడో రిచర్డ్ నార్ఫోక్ డ్యూక్‌ను చేశాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్‌తో పాటు ఆ తాత కూడా చచ్చిపోయాడు. తండ్రి గాయాలతో పట్టుబడి లండన్ టవర్‌లో మూడేళ్ళకు పైగా ఖైదులో ఉన్నాడు. (తండ్రి పేరూ థామసే. మనవడి పేరూ థామసే. పరీక్షల్లో ఈ ముగ్గురినీ కలిపేసి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.) ఓడిన రాజు పక్షాన ఎందుకు పోరాడావని అడిగితే, పార్లమెంటు కిరీటాన్ని ఒక మొద్దుకు పెట్టినా ఆ మొద్దు కోసం పోరాడతానని ఆ తండ్రి జవాబిచ్చాడని ఒక కథ ఉంది. అన్నాడో లేదో గానీ, ఆ ఇల్లు నడిచింది మాత్రం అచ్చంగా ఆ పద్ధతిలోనే. కిరీటం ఎవరి నెత్తిన ఉంటే వాళ్ళకే ఊడిగం.

పోయిన ఆస్తినీ బిరుదునూ తండ్రి ముక్కలు ముక్కలుగా, ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేసి వెనక్కి తెచ్చుకున్నాడు. 1513 సెప్టెంబరు 9న ఫ్లాడెన్ దగ్గర స్కాట్లండ్ సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ ఆ మైదానంలోనే పడిపోయాడు. అప్పటికి తండ్రికి డెబ్బై దాటాయి. ముందు వరుస సైన్యాన్ని నడిపింది మన థామస్. అదే ఏడాది తమ్ముడు ఎడ్వర్డ్ ఫ్రాన్స్ తీరంలో నౌకాయుద్ధంలో చనిపోతే, నౌకాదళం అధిపతి పదవి ఈయనకు వచ్చింది. 1514 ఫిబ్రవరిలో తండ్రికి డ్యూక్ బిరుదు తిరిగి ఇచ్చారు. 1524లో ఆయన పోయాక మన థామస్ మూడో డ్యూక్ అయ్యాడు.

సీరియళ్ళలో ఈయన్ని ఎత్తుగా, భారీగా చూపిస్తారు. 1531లో వెనిస్ రాయబారి రాసినదాన్నిబట్టి మనిషి పొట్టి, బక్కపలచన, నల్లటి జుట్టు. హోల్బైన్ వేసిన చిత్రం ఒకటి ఇంగ్లండ్ రాజకుటుంబం దగ్గర ఉంది. అరవై దాటిన ముఖం, బిగించిన సన్నని పెదాలు. ఒక చేతిలో కోశాధికారి తెల్ల కర్ర, ఇంకో చేతిలో రాజ్యపు పెద్ద ఉత్సవాలు నడిపించే అర్ల్ మార్షల్ బంగారు దండం. రాజ్యంలో తనకున్న రెండు పెద్ద పదవులనూ రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడన్నమాట.

ఇక పెళ్ళిళ్ళు. మొదటి భార్య ఆన్, నాలుగో ఎడ్వర్డ్ రాజు కూతురు. ఈవిడ అక్కే ఏడో హెన్రీ భార్య. అంటే వరసకు ఎనిమిదో హెన్రీకి ఈయన పిన్ని భర్త, బాబాయి. పిల్లలు పుట్టినా ఎవరూ దక్కలేదు, ఆవిడ 1511లో పోయింది. 1513లో రెండో పెళ్ళి, బకింగ్‌హామ్ డ్యూక్ కూతురు ఎలిజబెత్ స్టాఫర్డ్‌తో. ఆ పిల్లకు పదిహేనేళ్ళు, ఈయనకు దాదాపు నలభై. అప్పటికే వాళ్ళ నాన్న దగ్గర పెరుగుతున్న రాల్ఫ్ నెవిల్ అనే కుర్రాడూ ఈ అమ్మాయీ ఇష్టపడ్డారు, క్రిస్మస్‌లోపు పెళ్ళి చేద్దామని కూడా అనుకున్నారు. ఈయన వచ్చి అడిగాడు. బకింగ్‌హామ్ తన మిగతా కూతుళ్ళలో ఎవరినైనా చేసుకోమన్నా వినలేదు, ఈ పిల్లే కావాలన్నాడు. కట్నం 2,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క). ఈ వివరాలన్నీ ఆవిడ తర్వాత రాసిన ఉత్తరాల్లోవి. ఆ రాల్ఫ్ నెవిల్ చివరికి ఆవిడ చెల్లెల్ని చేసుకున్నాడు.

1521లో బకింగ్‌హామ్ మీద రాజద్రోహం మోపారు. విచారణకు అధ్యక్షుడు ఎవరనుకున్నారు? వియ్యంకుడే, అంటే మన థామస్ తండ్రి. శిక్ష చదువుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడట. పెట్టుకుంటూనే చదివాడు. ఎలిజబెత్ తండ్రి తల అలా పోయింది. ఈ సన్నివేశం గుర్తుంచుకోండి, పదిహేనేళ్ళ తర్వాత కొడుకు కూడా సరిగ్గా ఇదే చేస్తాడు.

మేనకోడల్ని రాజు మీదికి ఎగదోసింది ఈయనేనా అంటే, ఆన్ విషయంలో ఆ మాటకు ఆధారాలు పలచనే. ఆన్ తల్లి ఈయన చెల్లెలు, నిజమే. రాజు కన్ను ఆన్ మీద పడ్డాక ఈయన లాభపడ్డాడు, అదీ నిజమే. 1529లో రాజుకు ముఖ్యమంత్రిలాంటి కార్డినల్ వూల్సీ పదవి పోయినప్పుడు, రాజముద్ర ఇచ్చెయ్యమని వూల్సీ ఇంటికి వెళ్ళిన ఇద్దరిలో ఈయన ఒకడు. కాగితం చూపిస్తేనే ఇస్తానని వూల్సీ వెనక్కి పంపించాడు. తర్వాత వూల్సీ లండన్ దరిదాపుల్లోంచి కదలకపోతే, పోతావా లేక పళ్ళతో చీల్చెయ్యమంటావా అని కబురు పెట్టాడని వూల్సీ కొలువులో పనిచేసినవాడే రాసిపెట్టాడు. కానీ ఆన్ ఈయన చెప్పుచేతల్లో ఉండే మనిషి కాదు. రాణి అయ్యాక మేనమామను కుక్కను తిట్టినట్టు తిట్టిందనీ, ఈయన బయటికి వచ్చి ఆవిణ్ణి పట్టుకుని నోటితో అనరాని మాట అన్నాడనీ స్పెయిన్ పక్షపు రాయబారి షాపుయీ రాశాడు. షాపుయీకి ఆన్ అంటే గిట్టదు, కాబట్టి కొంత తీసేసి చదవాలి. అయినా ఇద్దరికీ పడలేదన్నది మాత్రం ఖాయం.

ఇక్కడ రాజు దగ్గర ఛాన్సలర్‌గా చేసిన థామస్ మోర్ సంగతి ఒకటి చెప్పాలి. రాజు చెప్పినదానికి తల ఊపని మోర్‌తో ఈయన, రాజుల కోపం అంటే చావే, రాజులతో పెట్టుకోవడం ప్రమాదం అన్నాడట. దానికి మోర్, అంతేనా, అయితే మీకూ నాకూ తేడా ఏముంది, నేను ఇవాళ పోతాను, మీరు రేపు పోతారు అన్నాడట. మోర్ అల్లుడు రాసుకున్న మాట ఇది. 1535 జులైలో మోర్ తల పోయింది. ఆ ‘రేపు’ రావడానికి ఈయనకు ఇంకో పదకొండేళ్ళు పట్టింది.

1536 మే 15న టవర్‌లోనే ఆన్ మీద విచారణ, పరాయి మగవాళ్ళతో సంబంధాలు, రాజద్రోహం అని ఆరోపణ. అధ్యక్షుడు మేనమామ. ఆయన దగ్గరే కొడుకు సర్రే కూర్చున్నాడు, పంతొమ్మిదేళ్ళవాడు. ఇరవై ఆరుగురు ప్రభువులు ఒక్కొక్కరే లేచి దోషి అన్నారు. రాజు ఇష్టప్రకారం కాల్చడమో తల నరకడమో అని శిక్ష చదివింది ఈయనే. ఈయన కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయని రాశారు. నాలుగు రోజుల తర్వాత ఆన్ పోయింది. ఆవిడ కూతురు ఎలిజబెత్‌కు అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు.

ఆ ఏడాది హోవర్డ్‌లకు బాగా కలిసిరాలేదు. రాజు అక్రమ సంతానం హెన్రీ ఫిట్జ్‌రాయ్‌కి ఈయన తన కూతురు మేరీని ఇచ్చి 1533లో పెళ్ళి చేశాడు. రాజుకు మగపిల్లలు లేని సమయం అది, ఈ కుర్రాడే రేపు రాజు కావచ్చన్న ఆశ. ఆ అల్లుడు 1536 జులైలో పదిహేడేళ్ళకే పోయాడు. శవాన్ని గుట్టుగా ఖననం చెయ్యమని రాజు ఆజ్ఞ. సరే అని సీసపు పెట్టెలో పెట్టించి, బండిలో గడ్డి కప్పి థెట్‌ఫర్డ్ మఠానికి తరలించారు. పని అయ్యాక, నా కొడుకును ఇంత అగౌరవంగా సాగనంపుతారా అని రాజు మండిపడ్డాడు. డ్యూక్‌ను టవర్‌లో వేస్తారన్న పుకారు కూడా పుట్టింది. అదే ఏడాది ఈయన సవతి తమ్ముడొకడు రాజు మేనకోడలితో రహస్యంగా పెళ్ళి మాట ఇచ్చుకుని దొరికిపోయాడు. అతను టవర్‌లోనే జబ్బుపడి చనిపోయాడు.

అంత కోపంలో ఉన్న రాజు ఈయన్ని ఎందుకు వదిలేశాడంటే, ఈయన అవసరం పడింది. 1536 అక్టోబరులో ఉత్తర ఇంగ్లండ్ మొత్తం లేచింది. మఠాలు మూయించొద్దు, పాత మతాన్ని, అంటే కేథలిక్ మతాన్ని, పాడుచెయ్యొద్దు అంటూ రాబర్ట్ ఆస్క్ అనే లాయరు నాయకత్వంలో ముప్ఫై వేలకు పైగా జనం డాంకాస్టర్ దాకా వచ్చారు. వాళ్ళ ముందు ఈయన సైన్యం ఏ మూలకూ చాలదు. అందుకని మాటలు కలిపాడు, రాజు క్షమిస్తాడని నమ్మించాడు, ఇళ్ళకు పంపించాడు. వాళ్ళు ఈయన్ని ఎందుకు నమ్మారంటే, ఈయనకూ పాత మతమే ఇష్టమని అందరికీ తెలుసు. 1537 మొదట్లో మళ్ళీ అక్కడక్కడ గొడవలు లేవగానే రాజుకు సాకు దొరికింది. కార్లైల్ చుట్టుపక్కల సైనిక న్యాయం కింద డెబ్బై నలుగురిని ఉరి తీశారు, వాళ్ళ వాళ్ళ ఊళ్ళలోనే, సొంత పెరళ్ళలో. వేళ్ళాడుతున్న మొగుళ్ళ శవాల్ని రాత్రిళ్ళు దించుకుని పూడ్చిపెట్టిన ఆడవాళ్ళ మీద కూడా విచారణ జరిగింది. ఈయన్ని తెలివైన రాజకీయవేత్త అని మెచ్చుకుంటూ రాసే వ్యాసాలు చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఘట్టమే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఇల్లు. నన్నడిగితే ఈయన కథలో అసలు చదవాల్సింది ఇదే.

1520లు సగం దాటాక డ్యూక్ బెస్ హాలండ్ అనే ఆవిడతో కలిసి ఉండటం మొదలుపెట్టాడు. ఆవిడ డ్యూక్ కొలువులోనే పనిచేసే ఒకాయన కూతురు. డచెస్ ఆవిణ్ణి నా పిల్లల గదిలో బట్టలుతికిన మనిషి అని ఈసడించింది. ఈ డచెస్ నోరు మూసుకుని పడివుండే రకం కాదు. తండ్రి తల పోయిన ఇల్లు, ఆత్మాభిమానం ఎక్కువ. రాజు వదిలేసిన పాత రాణి కేథరీన్ ఆఫ్ ఆరగాన్‌కు ఈవిడ గట్టి స్నేహితురాలు. ఒకసారి ఇటలీ నుంచి వచ్చిన ఉత్తరాన్ని నారింజపండులో దాచి పాత రాణికి పంపించింది. మొగుడేమో కొత్త రాణి మేనమామ. 1533లో ఆన్ పట్టాభిషేకానికి రానంటే రానని కూర్చుంది.

1534లో ఈస్టరుకు ముందు వారాల్లో ఒక రోజు డ్యూక్ రాత్రంతా గుర్రం మీద వచ్చి, భార్యను గదిలో పెట్టి తాళం వేశాడు. నగలూ బట్టలూ లాగేసుకున్నాడు. తర్వాత హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌బోర్న్ అనే ఊళ్ళో ఒక ఇంటికి పంపించేశాడు. ఏడాదికి 200 పౌండ్లు ఖర్చులకు. విడాకులకు ఒప్పుకుంటే నగలన్నీ తిరిగి ఇస్తానన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు. అక్కడి నుంచి రాజుకు కుడిభుజమైన క్రామ్‌వెల్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. అవి ఇప్పటికీ ఉన్నాయి. సొంత స్పెల్లింగులతో, గుక్క తిప్పుకోకుండా మాట్లాడినట్టు ఉంటాయి. బెస్ హాలండ్, ఇంకా ఇంట్లోని ఆడవాళ్ళు నన్ను వేళ్ళ చివర్ల నుంచి రక్తం వచ్చేదాకా కట్టేశారు, రక్తం కక్కేదాకా గుండెల మీద కూర్చున్నారు, మా ఆయన వాళ్ళను ఒక్క మాట అనలేదు అని రాసింది. కూతురు మేరీని కన్న మంచం మీద నుంచి నన్ను జుట్టు పట్టి ఈడ్చాడు, తల మీద బాకుతో గాయం చేశాడు అని కూడా రాసింది.

దీనికి డ్యూక్ ఇచ్చిన జవాబు కూడా దొరుకుతోంది. ఆ మచ్చ కాన్పుకు పదిహేను నెలల ముందే ఉంది, రెండు పళ్ళు పీకించుకున్నాక తలలో వాపు వస్తే లండన్‌లో ఒక వైద్యుడు కోసిన గాటు అది అంటాడు. ఎవరిది నిజం? కోర్టులో తేలింది కాదు. కానీ తాళం వేయడం, నగలు లాక్కోవడం, పంపించెయ్యడం, ఇవి మాత్రం జరిగినవే. మొగుడు దేశంలోకెల్లా పెద్ద ప్రభువుల్లో ఒకడైతే పెళ్ళాం ఎక్కడికి వెళ్ళి చెప్పుకుంటుంది? సొంత తమ్ముడే, ఆవిడ నోటి దురుసు మాకు తెలుసు, మా ఇంటికి పంపొద్దు అని రాశాడు. కొడుకూ కూతురూ తండ్రి పక్కనే ఉన్నారు. ఇంత దయలేని పిల్లల్ని ఏ తల్లీ కని ఉండదు అని ఆవిడ వాపోయింది.

బెస్ హాలండ్ ఈలోపు ఆన్ బొలీన్ రాణి కొలువులో చేరి దర్జాగా ఉంది.

1540కి వద్దాం. క్రామ్‌వెల్ అంటే డ్యూక్‌కు ఒళ్ళుమంట. పుట్టుకలేనివాడు, పైగా కొత్త మతం. ఇంగ్లండ్ ఈ కొత్త చదువులు రాకముందే హాయిగా ఉండేది, నేను బైబిలు చదవలేదు, చదవను కూడా అని ఈయన ఎవరితోనో అన్నమాట రికార్డుల్లో ఉంది. జూన్ 10న మంత్రిమండలి సమావేశంలో క్రామ్‌వెల్‌ను పట్టుకున్నప్పుడు, అతని మెడలోంచి సెయింట్ జార్జ్ పతకాన్ని స్వయంగా లాగేశాడు. జులై 28న క్రామ్‌వెల్ తల తెగింది. అదే రోజు రాజు కేథరీన్ హోవర్డ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. కేథరీన్ ఈయన తమ్ముడు ఎడ్మండ్ కూతురు. రాజు కొలువులో ఆ పిల్ల చేరడం వెనక ఈ ఇంటి పలుకుబడి ఉంది, అందులో అనుమానం లేదు. అయితే ఆ పిల్ల పెళ్ళికి ముందు నడిపిన ప్రేమ వ్యవహారాలు ఈయనకు తెలిసి ఉంటే ఆ సాహసం చేసేవాడు కాడనే నా లెక్క. ఆ అమ్మాయి పెరిగింది ఈయన సవతి తల్లి ఇంట్లో, పట్టించుకునేవాళ్ళు లేకుండా.

ఏడాదిన్నర తిరక్కుండానే గుట్టు రట్టయింది. 1541 డిసెంబరులో ముసలి సవతి తల్లితో సహా హోవర్డ్‌లు చాలామంది టవర్‌లో పడ్డారు. జైలు గదులు చాలలేదంటే చూసుకోండి. డ్యూక్ నార్ఫోక్‌లోని కెనింగ్‌హాల్‌కు వెళ్ళిపోయి, డిసెంబరు 15న రాజుకు ఒక ఉత్తరం రాశాడు. అందులో పేరుపేరునా అందరినీ తిట్టాడు. నా కృతఘ్న సవతి తల్లి, నా దౌర్భాగ్యపు తమ్ముడు, అతని భార్య, నా సిగ్గులేని చెల్లెలు అని వరసపెట్టి. నా ఇంటి ఆడపిల్లలు ఇద్దరు చేసిన నీచమైన పనులకు ఏలినవారికి మా జాతి పేరెత్తితేనే అసహ్యం వేస్తుందేమోనని భయంగా ఉంది అన్నాడు. వాళ్ళ ద్రోహం బయటపెట్టడంలో నా సాయం కూడా ఉందని గుర్తుచేయడం మాత్రం మరవలేదు. 1542 ఫిబ్రవరి 13న కేథరీన్ పోయింది. అదే ఏడాది ఈయన స్కాట్లండ్ మీదికి సైన్యంతో వెళ్ళాడు. డెబ్బై దాటాక 1544లో ఫ్రాన్స్‌లో ముట్టడి కూడా నడిపించాడు. సైన్యం నడపగల పెద్ద తలకాయలు రాజుకు పెద్దగా మిగల్లేదు. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే.

ఇంత జాగ్రత్తపరుణ్ణి ముంచింది కొడుకు. సర్రే అర్ల్ హెన్రీ హోవర్డ్, మంచి కవి. ఇంగ్లీషులో ప్రాసలేని అయిదు గణాల పద్యం మొదట రాసింది అతనే. వర్జిల్ లాటిన్ కావ్యంలో రెండు సర్గల్ని ఆ పద్యంలోకి తెచ్చాడు. షేక్‌స్పియర్ నాటకాలు నడిచేది ఆ పద్యం మీదే. కానీ మనిషికి గర్వం, దుడుకు ఎక్కువ. 1543లో రాత్రిపూట లండన్ వీధుల్లో తిరుగుతూ రాళ్ళతో కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకెళ్ళాడు. 1546లో రాజు చావుకు దగ్గర పడుతున్నాడు, వారసుడు ఎడ్వర్డ్‌కు తొమ్మిదేళ్ళు. పెత్తనం ఎవరిదన్న పోటీలో ఆ పిల్లాడి మేనమామలు సేమూర్‌లు ముందున్నారు. ముసలి డ్యూక్ లెక్క తప్పలేదు, కూతురు మేరీని సేమూర్‌లకిచ్చి వియ్యమందుదామన్నాడు. సర్రేకు అది తలవంపు అనిపించింది, చెడగొట్టాడు. పైగా పాతకాలపు రాజు ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ చిహ్నాలను తన కుటుంబ చిహ్నంలో కలిపి వేయించుకున్నాడు. సింహాసనం మీద కన్నేశాడని చెప్పడానికి శత్రువులకు అంతకన్నా ఏం కావాలి? డిసెంబరు 12న తండ్రీకొడుకులిద్దరూ టవర్‌లో ఉన్నారు.

రాజు మనుషులు ముగ్గురు గుర్రాలు దౌడు తీయించుకుంటూ డిసెంబరు 14 తెల్లవారుజామున కెనింగ్‌హాల్ చేరారు. ఇంట్లోవాళ్ళకు ఇంకా అరెస్టు కబురే తెలియదు. తలుపులన్నిటి దగ్గరా కాపలా పెట్టి, ఆడవాళ్ళను పిలవమన్నారు. మేరీ, బెస్ హాలండ్ అప్పుడే లేచి వచ్చారు. విషయం వినగానే మేరీ వణికిపోయింది, పడిపోబోయిందని వాళ్ళు రాజుకు రాసిన నివేదికలో ఉంది. తర్వాత గదులు, పెట్టెలు సోదా చేశారు. రాజు కోడలు, డ్యూక్ కూతురు మేరీ పెట్టెల్లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, ఉన్న నగలు అప్పులు తీర్చడానికి అమ్మేసుకుంది. బెస్ హాలండ్ పెట్టెల్లో మాత్రం వడ్డాణాలు, ముత్యాలు, రత్నాల ఉంగరాలు, బంగారు గుండీలు. ఆ ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో చెప్పడానికి ఆ సోదా జాబితా ఒక్కటి చాలు.

ఇద్దరూ లండన్ వెళ్ళి సాక్ష్యం చెప్పారు. బెస్ హాలండ్ డ్యూక్ తనతో ఏకాంతంలో అన్న మాటలు చెప్పింది. మేరీ తన అన్న సర్రే గురించి ఇంకా ఘోరమైనది చెప్పింది, రాజును వల్లో వేసుకుని ఆయన దగ్గర పలుకుబడి సంపాదించమని తనకు సలహా ఇచ్చాడని. తండ్రి ఏం చేశాడు? 1547 జనవరి 12న నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు, కొడుకు చిహ్నం సంగతి తెలిసీ దాచానని. మరునాడు కొడుకు విచారణ. సర్రే పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒక్కడే వాదించుకున్నాడు. తండ్రి ఒప్పుకోలు ఉండగా ఏం వాదించినా ఏం లాభం? జనవరి 19న తల తీశారు. ఇదీ ఆయన చివరి బేరం. కొడుకు పోయాడు, తన ప్రాణమూ దక్కేలా లేదు. పార్లమెంటు ఈయన మీద మరణదండన చట్టం చేసింది, జనవరి 27న దానికి రాజు ఆమోదం పడింది. సంతకం పెట్టే ఓపిక రాజుకు లేదు, ఆయన తరఫున కమిషనర్లు చేశారు. ఆ రాత్రి గడవకముందే, 28 తెల్లవారకముందు హెన్రీ చచ్చిపోయాడు. కొత్త ప్రభుత్వం చిన్నపిల్లాడి పాలనను ముసలాడి నెత్తురుతో మొదలుపెట్టలేదు. భూములు మాత్రం పంచేసుకుని, ఆయన్ని టవర్‌లో వదిలేసింది.

ఆ ఖైదులో తొలి రోజుల్లో ఆయన రాసిన విన్నపం ఒకటుంది. లాంబెత్ ఇంట్లో ఉన్న నా పుస్తకాలు తెప్పించండి, పడుకునే ముందూ మెలకువ వచ్చాకా చదవకపోతే నాకు నిద్ర పట్టదు, పన్నెండేళ్ళుగా ఇదే వరస అంటాడు. దుప్పట్లు కూడా అడిగాడు. పన్నెండేళ్ళు వెనక్కి లెక్కేస్తే 1534, 35 అవుతాయి: భార్యను గదిలో పెట్టి తాళం వేసిన ఏడాది, మోర్ తల పోయిన ఏడాది. దాన్నిబట్టి ఏదో తేల్చాలని కాదు, లెక్క అలా వచ్చింది.

ఆరున్నరేళ్ళు టవర్‌లోనే గడిచాయి. 1553 ఆగస్టులో హెన్రీ పెద్ద కూతురు, కొత్తగా గద్దెనెక్కిన కేథలిక్ రాణి మేరీ టవర్‌కు వచ్చినప్పుడు పచ్చిక మీద మోకరిల్లి ఉన్న పాత ఖైదీల్లో ఈయన ఒకడు. విడుదల చేసి, బిరుదూ ఆస్తులూ తిరిగి ఇచ్చారు. ఎనభై ఏళ్ళు. పదిహేను రోజుల్లో మళ్ళీ న్యాయాసనం ఎక్కి, మేరీని గద్దెనెక్కనివ్వకుండా చూసిన నార్తంబర్లండ్ డ్యూక్‌కు మరణశిక్ష వేశాడు. మరుసటి జనవరిలో రాణి మేరీ మీద వయాట్ అనేవాడి తిరుగుబాటు వస్తే సైన్యం తీసుకుని రోచెస్టర్ వెళ్ళాడు. అక్కడ లండన్ నుంచి వెంట వచ్చిన సైనికులే శత్రువుతో కలిసిపోయారు. ఇంటికి వచ్చేశాడు. 1554 ఆగస్టు 25న కెనింగ్‌హాల్‌లో మంచం మీద పోయాడు. వీలునామాలో కూతురు మేరీకి డబ్బు రాశాడు, తన విడుదల కోసం తిరిగినందుకూ సర్రే పిల్లల్ని పెంచినందుకూ. భార్యకు ఏమీ రాయలేదు. ఆవిడ ఇంకో నాలుగేళ్ళు బతికింది.

సఫోక్‌లోని ఫ్రామ్లింగ్‌హామ్ చర్చిలో ఈ కుటుంబం సమాధులు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళు ఎవరైనా అటు వెళ్తే చూడొచ్చు, కోట పక్కనే. డ్యూక్‌దీ, తర్వాత థెట్‌ఫర్డ్ నుంచి ఇక్కడికి మార్చిన అల్లుడు ఫిట్జ్‌రాయ్‌దీ అక్కడే. సర్రే సమాధి మీద రంగులు వేసిన బొమ్మకు కిరీటం తల మీద ఉండదు, విడిగా పక్కన పెట్టి ఉంటుంది. తల పోయినవాడని గుర్తు.

వంశం సంగతి తొందరగా చెప్పేస్తాను. సర్రే కొడుకు థామస్ నాలుగో డ్యూక్. స్కాట్లండ్ రాణి మేరీని చేసుకుని పెద్దవాడవుదామనుకుని, 1572 జూన్ 2న తల పోగొట్టుకున్నాడు. ఆ శిక్ష వేయించిన ఎలిజబెత్ రాణి, ఆన్ బొలీన్ కూతురు, ఈ ఇంటి ఆడపడుచు మనవరాలే. నాలుగో డ్యూక్ కొడుకు ఫిలిప్ కేథలిక్ మతం వదలనని 1595లో టవర్‌లోనే చనిపోయాడు. 1970లో పోప్ ఆయన్ని సెయింట్‌గా ప్రకటించాడు. 1588లో స్పెయిన్ నౌకాదళాన్ని ఎదుర్కొన్న ఇంగ్లండ్ సేనాని లార్డ్ హోవర్డ్ ఆఫ్ ఎఫింగ్‌హామ్, మన మూడో డ్యూక్ సవతి తమ్ముడి కొడుకు. డ్యూక్ బిరుదు 1660లో తిరిగి వచ్చింది, అర్ల్ మార్షల్ పదవి 1672 నుంచి వంశపారంపర్యం అయింది. 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకం టీవీలో చూసి ఉంటే, ఆ ఏర్పాట్లన్నీ నడిపించిన అర్ల్ మార్షల్ ఈ వంశంలో పద్దెనిమిదో డ్యూక్. ఉండేది ససెక్స్‌లోని అరుండెల్ కోటలో. అది నాలుగో డ్యూక్ మొదటి భార్య పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి.